పర్షియా రాతి చెక్కడాల ఫోటోని గోడకెక్కించడం ఎలా: పెర్సెపోలిస్ నుంచి ప్రింట్, ఫ్రేమ్, లైట్ దాకా

మా హాల్లో సోఫా పైన మూడేళ్ళుగా ఒకే ఫోటో ఉంది. ఇరాన్‌లో పెర్సెపోలిస్ అనే చోట మెట్ల గోడ మీద చెక్కిన ఇద్దరు పెద్దమనుషుల ఫోటో అది. ముందు నడిచేవాడు వెనక్కి తిరిగి ఏదో చెప్తుంటాడు, వెనకాయన వాడి చెయ్యి పట్టుకుని వింటుంటాడు, ఇద్దరూ రాజుగారి దర్బారుకే వెళ్తున్నారు కానీ పెళ్ళికెళ్ళే చుట్టాల్లాగా ఉంటారు. ఇంటికొచ్చినవాళ్ళు చాలామంది దగ్గరికెళ్ళి వేలితో తడమబోతారు, నిజంగా చెక్కిందేమో అనుకుని, అద్దం తగిలాక ఆగుతారు.

అలా అనిపించేదాకా రావడానికి నాకు రెండు ప్రింట్లు దండగయ్యాయి. మొదటిది మెరిసే కాన్వాస్ మీద వేయించా, రెండోసారి ల్యాబ్‌వాళ్ళు చెప్పకుండా ఆటో కరెక్షన్ పెట్టి నీడలన్నీ తెల్లగా తేల్చేశారు, రాయి కాస్తా సిమెంటు పలకలా తయారైంది. అప్పుడు అర్థమైన విషయం ఒక్కటే, ఈ గైడ్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది: ఈ చెక్కడాల్లో మనకి కనపడేదంతా నీడే. ఇప్పుడు రంగు లేదు, గీతలు సన్నం, ముక్కు అంచున పడ్డ నీడ, గడ్డం ఉంగరాల మధ్య నీడ, బట్ట కుచ్చిళ్ళ మధ్య నీడ, ఇవి ఉంటే మనిషి ఉన్నాడు, పోతే ఉత్త రాయి ఉంది. కాబట్టి ఫోటో ఎంచుకునే దగ్గర్నుంచి గోడ మీద బల్బు పెట్టేదాకా ప్రతి స్టెప్పులో ఆ నీడని కాపాడుకుంటూ రావాలి.

స్టెప్ 1: ఏది పర్షియాదో ముందు తెలుసుకోండి

ఆన్‌లైన్‌లో "పర్షియన్ స్టోన్ కార్వింగ్" అని కొడితే వచ్చేవాటిలో చాలా వరకు పర్షియావి కావు. రథం మీద నుంచి సింహాలకి బాణాలు వేసే రాజులు, కోటలు కూల్చడాలు, ఖైదీల వరసలు కనపడితే అవి అస్సీరియా వాళ్ళవి, నినెవే, నిమ్రూద్ అని ఇప్పటి ఇరాక్‌లో దొరికినవి. అవీ గొప్పవే, కానీ వేరే. నీలం ఇటుకల మీద ఎద్దులూ డ్రాగన్లూ ఉంటే బాబిలోన్ ఇష్తార్ ద్వారం.

పెర్సెపోలిస్ ఇరాన్‌లో షిరాజ్ ఊరికి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడివాళ్ళు తఖ్త్-ఎ-జంషీద్ అంటారు, జంషీద్ సింహాసనం అని. క్రీ.పూ. 518 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి మొదటి డేరియస్ మొదలుపెట్టాడు, కొడుకు జెర్క్సీజ్, ఆ తర్వాత మొదటి అర్తాజెర్క్సీజ్ కొనసాగించారు, క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ వచ్చాక తగలబడింది. 1979లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడి చెక్కడాల్లో యుద్ధం కనపడదు. ఇంత పెద్ద సామ్రాజ్యం కట్టినవాళ్ళు రాజధాని గోడల మీద ఒక్క యుద్ధాన్ని కూడా చెక్కించుకోలేదు, నాకు వీటి మీద ప్రేమ పుట్టిందే అక్కడ. జనం వరసగా నడుస్తుంటారు, కానుకలు తెస్తుంటారు, చేతిలో తామరపువ్వు పట్టుకుంటారు, వరసకీ వరసకీ మధ్య సైప్రస్ చెట్లు, అంచుల వెంట పన్నెండు రేకుల పువ్వులు.

ఇంకోటి, పర్షియా అంటే పెర్సెపోలిస్ ఒక్కటే కాదు. దానికి కొద్ది కిలోమీటర్లలో నక్ష్-ఎ-రుస్తం ఉంది, కొండని నిలువునా తొలిచి సిలువ ఆకారంలో చేసిన రాజుల సమాధులు పైన, వాటి కింద ఆరేడు వందల ఏళ్ళ తర్వాత వచ్చిన ససానియన్ రాజులు చెక్కించుకున్న భారీ బొమ్మలు. గుర్రం మీద మొదటి షాపూర్, ఎదురుగా రోమన్ చక్రవర్తులు, అందులో క్రీ.శ. 260లో బందీగా దొరికిన వలేరియన్ ఒకడు. అక్కడ మాత్రం గెలుపు డప్పు గట్టిగానే కొట్టుకున్నారు. పడమట కెర్మాన్‌షా వైపు వెళ్తే బిసొతూన్‌లో డేరియస్ శాసనం, తాక్-ఎ-బొస్తాన్‌లో ససానియన్ల వేట దృశ్యాలు. కొనేముందు ఇది ఏ చోటుది, ఏ కాలానిది అని అడగండి, అమ్మేవాళ్ళు చెప్పలేకపోతే వదిలేయండి.

స్టెప్ 2: బొమ్మ ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి, ఎందుకంటే ప్రింట్ బాగోకపోతే మళ్ళీ వేయించుకోవచ్చు గానీ రోజూ చూడలేని బొమ్మ అయితే ఏం చేస్తాం.

అందరికీ తెలిసింది సింహం ఎద్దుని వెనక నుంచి పట్టుకుని కొరికే బొమ్మ. మెట్ల పక్కన త్రికోణం ఆకారంలో మిగిలిన జాగాలో దాన్ని ఎంత అందంగా ఇరికించారో చూస్తే తెలుస్తుంది. వసంతం రావడానికి, వాళ్ళ కొత్త సంవత్సరం నౌరూజ్‌కి గుర్తు అని కొందరంటారు, పండితులందరూ దానికి ఒప్పుకోరు. ఫోటోగా చాలా బలమైంది. కానీ మన ఇళ్ళల్లో ఒక సంగతి ఉంది, ఎద్దు అంటే మనకి నంది, దాన్ని సింహం కొరుకుతుంటే హాల్లో పెట్టడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, వాస్తు చూసేవాళ్ళైతే క్రూరమృగాల బొమ్మలు ఇంట్లో అసలు వద్దంటారు. వాదన పెట్టుకోకుండా దాన్ని ఆఫీసు గదికో చదువుకునే గదికో పెట్టండి, హాలుకి ఇంకోటి చూడండి.

హాలుకి నా ఓటు అపదానా తూర్పు మెట్లకే. అపదానా అంటే 72 స్తంభాల సభా మండపం, ఇప్పుడు 13 నిలబడి ఉన్నాయి. దానికి ఉత్తరాన, తూర్పున మెట్లున్నాయి, రెండిటి మీదా దాదాపు ఒకే కథ. ఉత్తరం వైపువి వేల ఏళ్ళు ఎండకీ వానకీ మనుషుల చేతులకీ దొరికి బాగా అరిగిపోయాయి. తూర్పు వైపువి మట్టిలో కప్పబడి ఉండిపోయాయి, 1930ల మొదట్లో షికాగో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున హెర్జ్‌ఫెల్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించినప్పుడు బయటపడ్డాయి. అందుకే వెంట్రుక ఉంగరాలు కూడా నిన్న చెక్కినట్టుంటాయి.

ఆ మెట్ల దక్షిణం వైపు రెక్క మీద 23 దేశాల వాళ్ళు కానుకలు తెస్తున్న వరసలు ఉంటాయి. ఒక్కో బృందం నాయకుణ్ణి ఒక దర్బారు ఉద్యోగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. ఎలాం వాళ్ళు ఆడసింహాన్నీ దాని పిల్లల్నీ తెస్తారు, తల్లి వెనక్కి తిరిగి పిల్లల వైపు చూస్తుంటుంది, ఆ ఒక్క మెడ తిప్పడం కోసమే ఆ ఫోటో పెట్టుకోవచ్చు. బాక్ట్రియా వాళ్ళు రెండు మూపుల ఒంటె, అరబ్బులు ఒంటి మూపు ఒంటె. మనవాళ్ళు కూడా ఉన్నారు, అంటే సింధు నది వైపు వాళ్ళు, పాత పర్షియన్‌లో హిందుష్ అనే రాష్ట్రం. నాయకుడు తప్ప మిగతావాళ్ళకి ఒంటి మీద చొక్కా ఉండదు, నడుముకి పంచె, ఒకతను కావడి మోస్తుంటాడు, తట్టల్లో చిన్న పాత్రలు, బంగారు పొడి అంటారు. పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా భారతీయులు డేరియస్‌కి ఏటా 360 టాలెంట్ల (అప్పటి తూకం) బంగారు పొడి కట్టేవాళ్ళని రాశాడు. కావడి మోసే ఆ భుజం వంపు చూస్తే తెలుగువాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు. మన ఇంట్లో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు తోచలేదు, తర్వాతి ప్రింట్ అదే వేయించబోతున్నా.

అదే తూర్పు మెట్ల ఉత్తరం రెక్క మీద కాపలాదార్లు, వాళ్ళ వెనక పర్షియన్, మీడియన్ పెద్దలు. నిలువు గాడుల ఎత్తు టోపీ ఉంటే పర్షియన్ వేషం, గుండ్రటి టోపీ ఉంటే మీడియన్ వేషం. మా ఇంట్లో ఉన్నది ఇక్కడిదే.

చిన్న గోడకో కారిడార్‌కో అయితే ముక్కలు తీసుకోండి, ఒక సైప్రస్ చెట్టు, ఒక పువ్వుల పట్టీ, తామర పట్టుకున్న చెయ్యి. పది అంగుళాల్లో కూడా నిండుగా ఉంటాయి.

స్టెప్ 3: ఫోటో ఎక్కడ్నుంచి వస్తుంది

మూడు దారులున్నాయి. మీరే వెళ్ళి తీసుకోవడం, మ్యూజియంల నుంచి దింపుకోవడం, ఫోటోగ్రాఫర్ దగ్గర కొనుక్కోవడం.

*మీరే తీసేట్టయితే:* ఇరాన్ ప్రయాణం అనుకుంటే ముందు మన విదేశాంగ శాఖ అడ్వైజరీ చూసుకోండి, వాళ్ళు వద్దన్నప్పుడు వెళ్ళొద్దు, గోడ ఎక్కడికీ పోదు. వెళ్ళగలిగే రోజుల్లో మాత్రం ఏ గోడ ఏ వైపు చూస్తుందో రాసుకుని వెళ్ళండి, ఎందుకంటే చెక్కడాన్ని ఎండ ఎదురుగా కొడితే చప్పగా ఉంటుంది, గోడ వెంట పక్కవాటంగా రాసుకుంటూ పోతేనే నీడలు లేస్తాయి. తూర్పు మెట్ల మీద ఇప్పుడు కాపాడటానికి కప్పు వేసి ఉంది, కాబట్టి ఎక్కువసేపు మెత్తటి నీడ వెలుగే దొరుకుతుంది, అది చెడ్డదేం కాదు, వివరాలన్నీ వస్తాయి, కాంట్రాస్ట్ మాత్రం ఇంటికొచ్చాక మనం పెంచుకోవాలి. డేరియస్ సొంత భవనం తచారా దక్షిణం మెట్లు ఆకాశం కిందే ఉన్నాయి, దక్షిణం గోడ కాబట్టి పొద్దునా సాయంత్రమూ రెండుసార్లు పక్క వెలుగు దొరుకుతుంది, వంటకాలు మోసుకుని మెట్లెక్కే సేవకులు అక్కడ అద్భుతంగా వస్తారు. నూరు స్తంభాల మండపం ద్వారాల లోపలి పక్కల మీద రాజు మృగాన్ని పొడిచే బొమ్మలూ సింహాసనం బొమ్మలూ ఉంటాయి, ద్వారం లోపల ఉండటం వల్ల వెలుగు సహజంగానే ఒక పక్క నుంచి వస్తుంది. సకల దేశాల ద్వారం దగ్గర మనిషి ముఖం, రెక్కలు ఉన్న ఎద్దులు తూర్పుకి చూస్తుంటాయి, అవి పొద్దున; పడమటికి చూసే ఎద్దులు సాయంత్రం.

కెమెరాని గోడకి సమాంతరంగా పెట్టండి, పైకి కిందికి వంచితే మనుషులు వాలిపోతారు. 50 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 8 దగ్గర, రా ఫార్మాట్‌లో. వరస పొడుగ్గా కావాలంటే ఒకేచోట నుంచుని కెమెరా తిప్పకండి, గోడ వెంట పక్కకి అడుగులేస్తూ ఒక్కో ఫోటో మూడో వంతు పైనే ముందుదాని మీదకి వచ్చేట్టు తీసి తర్వాత కలుపుకోండి. తచారాలో నున్నగా మెరిసే నల్లరాయి ఉంది, అక్కడ మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పనికొస్తుంది. ట్రైపాడ్‌కి అక్కడ అడిగి తెలుసుకోండి. రాతిని ముట్టుకోవద్దు, అడ్డు కట్టినచోట దాటొద్దు.

వెళ్ళేముందు ప్రాక్టీస్ కావాలంటే హంపిలో హజార రామాలయం ప్రహరీ గోడ చూడండి, ఏనుగులూ గుర్రాలూ వరసలు వరసలుగా నడుస్తుంటాయి, పక్క వెలుగు ఎప్పుడొస్తుందో ఒక రోజంతా కూర్చుని చూస్తే ఏ గైడూ చెప్పనంత నేర్చుకుంటారు.

*దింపుకునేట్టయితే:* న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెర్సెపోలిస్ చెక్కడం ముక్క ఉంది, తిండీ పానీయం మోసే ఇద్దరు సేవకులు. ఆ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ లేని వస్తువుల ఫోటోలని ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని తెరిచిపెట్టింది, పేజీలో పబ్లిక్ డొమైన్ గుర్తు ఉందో లేదో చూసి పెద్ద సైజు ఫైలు దింపుకోండి. బ్రిటిష్ మ్యూజియం వాళ్ళవి వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకోవచ్చు. వికీమీడియా కామన్స్‌లో చాలా మంచివి ఉన్నాయి, ఒక్కో ఫోటో కింద ఒక్కో లైసెన్స్ ఉంటుంది, చదవండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం: చెక్కడం రెండున్నర వేల ఏళ్ళదైనా ఫోటో మాత్రం తీసినవాడిది. ఎవరో తీసిన ఫోటోని ఇన్‌స్టాలోంచి స్క్రీన్‌షాట్ కొట్టి ప్రింట్ వేయించడం తప్పు, పైగా క్వాలిటీ కూడా రాదు. నచ్చితే మెసేజ్ పెట్టి ఫైలో ప్రింటో కొనండి. ఎండలో నుంచున్న మనిషికి ఆ డబ్బు చేరాలి.

అసలు రాతి ముక్క అమ్ముతామని ఎవరైనా వస్తే మాత్రం దగ్గరికి పోవద్దు. 1930లలో పెర్సెపోలిస్ నుంచి దొంగిలించిన ఒక సైనికుడి తల చెక్కడం చేతులు మారి మారి 2017లో న్యూయార్క్‌లో ఒక ఆర్ట్ ఫెయిర్‌లో పట్టుబడి, 2018లో ఇరాన్‌కి తిరిగి వెళ్ళింది. మనకి ఫోటో చాలు.

స్టెప్ 4: ఎడిటింగ్

ముందు కలరా, బ్లాక్ అండ్ వైటా తేల్చుకోండి. ఆ రాయి ఒకే రంగు కాదు, బూడిద రంగు, కొన్నిచోట్ల తేనె రంగు, తచారాలో దాదాపు నలుపు. తేనె రంగు ఉన్నవి కలర్‌లోనే ఉంచండి, వాటి వెచ్చదనం గదికి బాగుంటుంది. బూడిద రాయి, నీడలు బలంగా ఉన్నవి బ్లాక్ అండ్ వైట్‌కి. కప్పు కింద తీసిన ఫోటోల్లో తెలుపు తేడాగా వస్తుంది, రాయి నీలంగా కనపడుతుంది, వైట్ బ్యాలెన్స్ కొంచెం వెచ్చగా జరపండి.

తర్వాత నీడలు. షాడోస్ స్లైడర్ కుడివైపుకి లాగి అన్నీ తేటగా కనపడాలి అనుకోవద్దు, నా రెండో ప్రింట్ పాడైంది సరిగ్గా అందుకే. ముక్కు కింద, చెవి వెనక, కుచ్చిళ్ళ లోపల చీకటి ఉండాల్సిందే. క్లారిటీ, టెక్స్చర్ కొంచెమే, ఎక్కువైతే రాయికి మొటిమలొచ్చినట్టుంటుంది. మొత్తానికి ఒకేసారి పెంచేకన్నా బ్రష్‌తో ముఖం, చేతులు, పువ్వు ఈ మూడు చోట్ల కాస్త వెలుగు పెంచి, వెనక ఖాళీ రాయి కాస్త తగ్గించండి, బొమ్మ గోడలోంచి ముందుకొస్తుంది.

పగుళ్ళు, నాచు మచ్చలు చెరిపేయొద్దని నా గట్టి అభిప్రాయం. సకల దేశాల ద్వారం మీద పాత యాత్రికులు చెక్కుకున్న పేర్లు కూడా ఉన్నాయి, 1870లో స్టాన్లీ అనే జర్నలిస్టు తన పేరు చెక్కాడు, చూస్తే కోపమొస్తుంది, అయినా ఉంచండి, అది కూడా ఆ రాయికి జరిగిందే.

ఫోటోని అద్దంలో లాగా తిప్పొద్దు. సోఫా ఇటుంది కదా, మనుషులు అటు నడిస్తే బాగుంటుందని ఫ్లిప్ కొట్టేవాళ్ళని చూశాను. శాసనం అక్షరాలు కుడిఎడమలుగా తిరగబడతాయి, కత్తి ఎడమ చేతికొస్తుంది. అలాంటి అవసరం నిజంగా ఉంటే చక్కటి దారి అక్కడే ఉంది: తూర్పు మెట్ల మీద కానుకలు తెచ్చేవాళ్ళు మనకి కుడివైపుకి నడుస్తారు, ఉత్తరం మెట్ల మీద అదే జనం ఎడమవైపుకి నడుస్తారు, ఒకదానికొకటి ప్రతిబింబంలా కట్టారు. తలుపుకి రెండు పక్కలా పెట్టాలంటే ఒకటి అక్కడిది, ఒకటి ఇక్కడిది తీసుకోండి.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. మన కళ్ళు వెలుగు పైనుంచే వస్తుందని అనుకుంటాయి. ఫోటోలో వెలుగు కింద నుంచి పడి ఉంటే ఉబ్బెత్తు బొమ్మ లోపలికి గుంటలా కనపడుతుంది. ఫైలు చూడగానే బొమ్మ గుంట పడినట్టు అనిపిస్తే ఎడిటింగ్‌తో బాగుపడదు, వేరే ఫోటో చూసుకోండి.

స్టెప్ 5: సైజు లెక్క

ఫైలు పొడవు, వెడల్పు పిక్సెల్స్‌ని 150తో భాగిస్తే ఎన్ని అంగుళాల దాకా ధైర్యంగా వెళ్ళొచ్చో తెలుస్తుంది, 240తో భాగిస్తే దగ్గర్నుంచి చూసినా ఏ లోపమూ కనపడని సైజు. 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే 6000 బై 4000, కాబట్టి 40 బై 26 అంగుళాల దాకా పర్లేదు, 25 బై 16 అయితే నిక్కచ్చిగా ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ 4000 బై 3000, అంటే 26 బై 20 దాకా లాగొచ్చు, కానీ ఫోన్ ఫోటోలు రాతి గరుకుని నున్నగా తోమేస్తాయి కాబట్టి 16 బై 12 దగ్గర ఆగడం మంచిది.

రాతి ఫోటోకి ఒక ప్రత్యేకత ఉంది, మనుషులు దగ్గరికెళ్ళి చూస్తారు. సూర్యాస్తమయాన్ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు, దీన్ని చూస్తారు. అందుకే సైజు తగ్గినా పర్లేదు, వివరం తగ్గకూడదు. అపదానా మెట్ల మీద ఒక్కో వరస మనుషుల ఎత్తు మీటరు లోపే ఉంటుంది, కాబట్టి ఒక్క మనిషిని 36 అంగుళాల ఎత్తున ప్రింట్ వేయిస్తే దాదాపు అసలు సైజులో మీ గోడ మీద నుంచుంటాడు. మంచి ఫైలు ఉంటే ఇది తప్పకుండా ప్రయత్నించండి.

స్టెప్ 6: కాగితం

కాన్వాస్ వద్దు. దాని నేత గీతలు రాతి గరుకుతో కొట్టుకుని రెండూ కనపడవు. మెటల్ ప్రింట్, అక్రిలిక్ మీద ప్రింట్ మెరుస్తాయి, రాయి మెరిస్తే ప్లాస్టిక్ అయిపోతుంది. మ్యాట్ కాటన్ రాగ్ కాగితం, 300 జీఎస్ఎం ఆ పైన, పిగ్మెంట్ ఇంకుతో వేయించండి, ఆర్కైవల్ ప్రింట్ అనో జిక్లీ ప్రింట్ అనో అంటారు. హానెముల్ ఫోటో రాగ్ 308 అని అడిగితే ఫైన్ ఆర్ట్ ప్రింట్ చేసే ల్యాబ్‌లన్నిటికీ తెలుస్తుంది. ఖరీదు మామూలు ఫోటో కాగితం కన్నా బాగా ఎక్కువ, కానీ ఆ గరుకు వేలికి తగలకపోయినా కంటికి తగులుతుంది. మరీ నల్లటి నలుపు కావాలనుకునే బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం బరైటా అనే కాస్త మెరుపుండే ఫోటో కాగితం ఆలోచించండి, దానికి అద్దం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

ల్యాబ్‌కి ఫైలు ఇచ్చేటప్పుడు ఆటో కరెక్షన్ ఏదీ వద్దని రాసి ఇవ్వండి, నోటిమాట సరిపోదు. ఏ కలర్ ప్రొఫైల్ కావాలో వాళ్ళనే అడగండి. పెద్ద ప్రింట్‌కి ముందు అదే కాగితం మీద ముఖం ఉన్న ముక్కని ఏ4 సైజులో వేయించి, ఇంటికి తెచ్చి, అది పెట్టబోయే గోడకే టేపుతో అంటించి పగలూ రాత్రీ చూడండి. స్క్రీన్ మీద కన్నా కాగితం మీద ఎప్పుడూ చీకటిగానే వస్తుంది, అప్పుడు మొత్తం వెలుగు కొంచెం పెంచుకోవచ్చు, నీడలు మాత్రం కాదు. ఈ ఒక్క టెస్ట్ ప్రింట్ ముందే వేయించి ఉంటే నా డబ్బు మిగిలేది.

స్టెప్ 7: ఫ్రేమ్

సన్నటి నల్ల చెక్కో ముదురు టేకో, అంతే. బంగారు రంగు నగిషీ ఫ్రేమ్ పెడితే నగిషీ మీద నగిషీ అవుతుంది. చుట్టూ రెండున్నర మూడు అంగుళాల మౌంట్ బోర్డ్, యాసిడ్ ఫ్రీ అని అడిగి తీసుకోండి, తెల్లగా కాకుండా కాస్త మీగడ రంగు. మౌంట్ వల్ల ఇంకో లాభం, ప్రింట్ అద్దానికి అంటుకోదు. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్ళల్లో అద్దానికి అంటుకున్న ప్రింట్‌కి రెండు వానాకాలాల్లో బూజు పడుతుంది.

మామూలు అద్దంలో మీ ట్యూబ్‌లైటే కనపడుతుంది తప్ప డేరియస్ మనుషులు కనపడరు. కుదిరితే యాంటీ రిఫ్లెక్టివ్ అద్దం, యూవీ ఆపేది. బరువు కూడా చూడండి, 42 బై 30 అంగుళాల ఫ్రేమ్‌కి 3 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే దాదాపు ఆరు కిలోలు, అదే మందం అక్రిలిక్ షీట్ అయితే అందులో సగం. వెనక నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు అంటించమనండి, గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడాలి.

స్టెప్ 8: గోడ, లైటు

బయటివైపు గోడ, వానకి చెమ్మ లాగే గోడ, బాత్రూమ్ అవతలి గోడ వద్దు. నేరుగా ఎండ పడే చోటు వద్దు.

ఎత్తు లెక్క ఇలా: ఫ్రేమ్ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాలు ఉండాలి, గ్యాలరీల్లో పాటించే లెక్క ఇది, మనవాళ్ళు మామూలుగా దీనికన్నా అడుగు పైన కొట్టేస్తారు, దేవుడి పటం అలవాటు వల్ల. ఫ్రేమ్ ఎత్తు 30 అంగుళాలు అనుకోండి, సగం 15, పై అంచు 72 దగ్గర వస్తుంది. ఫ్రేమ్ పై అంచు నుంచి వెనక డీ రింగు మూడు అంగుళాలు కిందికి ఉంటే స్క్రూ 69 అంగుళాల దగ్గర. సోఫా వీపు 34 అంగుళాలు ఉంటే ఫ్రేమ్ కింది అంచుకీ సోఫాకీ మధ్య ఎనిమిది అంగుళాలు మిగులుతుంది, సరిగ్గా సరిపోతుంది. పెద్ద ఫ్రేమ్‌కి ఒకే మేకు, మధ్యలో తీగ వద్దు, రెండు డీ రింగులు, రెండు స్క్రూలు. 6 మిల్లీమీటర్ల బిట్‌తో డ్రిల్ చేసి ప్లగ్ కొట్టి స్క్రూ బిగించండి. కొట్టేముందు ఆ వరసలో పైనో కిందో స్విచ్ బోర్డు ఉందేమో చూడండి, లోపల వైరు వెళ్తుంటుంది.

ఇక లైటు. మీ ఫోటోలో వెలుగు ఏ వైపు నుంచి పడిందో చూడండి, ముక్కు నీడ మనకి కుడివైపు పడితే వెలుగు ఎడమ నుంచి వచ్చినట్టు. గదిలో కిటికీ కూడా ఎడమవైపే ఉండే గోడ దొరికితే ఇంక తిరుగులేదు, కిటికీలోంచి వచ్చే వెలుగే ఆ మనిషి మీద పడి నీడ వేసినట్టు కన్ను నమ్మేస్తుంది. మా ఇంట్లో వేలితో తడిమేది అందుకే. కిటికీ కుదరకపోతే సీలింగ్ స్పాట్‌లైట్‌ని ఫోటోలో వెలుగు ఉన్న వైపుకి కాస్త జరిపి, నిట్టనిలువుగా కాకుండా 30 డిగ్రీల వాలులో పెట్టండి. 3000 కెల్విన్ వార్మ్ ఎల్ఈడీ, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన. కూల్ వైట్ బల్బు కింద తేనె రంగు రాయి పాలిపోతుంది. సోఫాలో కూర్చుని, నుంచుని, గుమ్మంలోంచి, మూడు చోట్ల నుంచీ చూసి అద్దంలో బల్బు కనపడకుండా సర్దండి.

తుడిచేటప్పుడు నీళ్ళో కొలినో అద్దం మీద నేరుగా కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టుకుని తుడవండి, అంచుల్లోంచి లోపలికి దిగితే మౌంట్‌కి మరక పడుతుంది. అక్రిలిక్ అయితే కొలిన్ కూడా వద్దు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, కొంచెం తడి, అంతే. వానాకాలం అయిపోయాక ఒకసారి కిందికి దించి వెనక చెమ్మ ఉందేమో చూసుకుని, ఉంటే ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ ఎక్కించండి.